ఆస్పత్రి మీద కేసు వేయాలా? ముందు కేస్ షీట్ చదవాలి

ప్రైవేటు ఆస్పత్రి గేటు ముందు అంబులెన్స్ ఆగి ఉంటుంది. అందులో శవం. చుట్టూ ఊరి నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో వచ్చిన జనం. ఎవరో రిసెప్షన్ అద్దం పగలగొడతారు, పోలీసులు దిగుతారు. లోపల ఎండీ గదిలో మాజీ సర్పంచో, కుల సంఘం నాయకుడో కూర్చుని మాట్లాడుతుంటాడు. బిల్లు మాఫీ చేయాలి, పైన చేతికి ఇంత ఇవ్వాలి. రెండు మూడు గంటల బేరం తర్వాత మాట ఒక అంకె దగ్గర ఆగుతుంది. ఇంటి పెద్ద చేత ఓ కాగితం మీద సంతకం పెట్టిస్తారు: "చికిత్సలో ఎలాంటి లోపం లేదు, మాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు." చీకటి పడేలోగా దహనం అయిపోతుంది.

అసలు ప్రశ్న పెద్దకర్మ రోజున వస్తుంది. వచ్చిన చుట్టాల్లో నర్సింగ్ చదివిన అమ్మాయి డెత్ సమ్మరీ తిరగేసి, "రాత్రి రెండింటికి బీపీ పడిపోయిందని రాశారు, డాక్టర్ వచ్చింది పొద్దున ఆరింటికట. మధ్యలో నాలుగు గంటలు ఏం చేశారు?" అని అడుగుతుంది. జవాబు ఎవరి దగ్గరా ఉండదు. పోస్టుమార్టం చేయించలేదు. కేస్ షీట్ అడగలేదు. ఫిర్యాదు లేదన్న కాగితం మాత్రం ఆస్పత్రి ఫైల్లో భద్రంగా ఉంది. కేసు వేయాలా వద్దా అని కుటుంబం ఆలోచించడం అప్పుడు మొదలవుతుంది.

గేటు దగ్గరి సెటిల్మెంట్‌ను దూరం నుంచి తప్పుపట్టడం తేలికే. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి బిల్లు కట్టిన ఇంటికి, ఎప్పుడో వస్తాయో రావో తెలియని ఇరవై లక్షల కంటే ఇవాళ చేతిలో పడే రెండు లక్షలే నిజం. ఆ లెక్క తెలివితక్కువది కాదు. చిక్కల్లా, ఆ లెక్క వేసే సమయానికి తప్పు జరిగిందో లేదో ఎవరికీ తెలియకపోవడం. తప్పేమీ చేయని డాక్టరూ గొడవకు భయపడి డబ్బిస్తాడు, ఘోరంగా తప్పు చేసిన ఆస్పత్రీ అదే రేటుకు బయటపడుతుంది. ఇక అద్దాలు పగిలితే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. వైద్య సిబ్బంది మీద దాడులు, ఆస్పత్రుల ధ్వంసంపై ఉమ్మడి రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చింది. నాన్‌ బెయిలబుల్ నేరం, మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా, పగిలిన దానికి రెట్టింపు పరిహారం. తమ్ముడి చావుకు న్యాయం అడగబోయిన అన్న, నిందితుడిగా వాయిదాలకు తిరుగుతాడు.

ఆ రోజు జరగాల్సిన ముఖ్యమైన పని పోస్టుమార్టం. అనుమానం ఉంటే స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, పంచనామా రాయించి, ప్రభుత్వ ఆస్పత్రిలో చేయించాలి. "అప్పటికే కోసిన శరీరాన్ని మళ్లీ కోయిస్తామా" అని ఇంట్లో ఆడవాళ్లు ఏడుస్తారు. ఆ బాధ అర్థం కానిది కాదు. కానీ రేపు వినియోగదారుల కమిషన్ ముందు ఆస్పత్రి లాయర్ అడిగే మొదటి ప్రశ్న, చావుకు కారణం ఇదేనని మీకెలా తెలుసు అన్నదే. పోస్టుమార్టం లేకపోతే ఆస్పత్రి రాసిచ్చిన కారణమే చాలాసార్లు చివరి మాట అవుతుంది.

ప్రాణం పోయినంత మాత్రాన నిర్లక్ష్యం జరిగినట్టు కాదని సుప్రీంకోర్టు పదే పదే చెప్పింది. ఆపరేషన్ బల్ల మీద పేషెంట్ పోవచ్చు, అన్నీ సరిగ్గా చేసినా ఇన్ఫెక్షన్ రావచ్చు. చట్టం చూసేవి మూడు. డాక్టర్‌కు ఆ పేషెంట్ పట్ల బాధ్యత ఉందా, ఆ బాధ్యతలో లోపం జరిగిందా, ఆ లోపం వల్లే ఈ నష్టం కలిగిందా. మొదటిదానికి ఓపీ చీటీ చాలు. రెండోదానికి కొలబద్ద ఇంగ్లండ్‌లో 1957 నాటి బోలమ్ తీర్పు నుంచి వచ్చింది: అదే విభాగంలో మామూలు నైపుణ్యం ఉన్న డాక్టర్ ఆ పరిస్థితిలో చేసే పనే ఈయనా చేశాడా? మండల కేంద్రంలో నర్సింగ్ హోమ్ నడిపే సర్జన్‌ను హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రి ప్రొఫెసర్‌తో పోల్చరు. ఒక జబ్బుకు రెండు పద్ధతులుండి, డాక్టర్ వాటిలో ఒకటి ఎంచుకుంటే, రెండోది ఎందుకు ఎంచుకోలేదని నిలదీయడం కుదరదు.

కేసులు ఎక్కువగా విరిగిపోయేది మూడోదాని దగ్గర. గుండెపోటుతో వచ్చిన మనిషికి గంట ఆలస్యంగా ఈసీజీ తీశారనుకుందాం. లోపం స్పష్టమే. కానీ వెంటనే తీసి ఉంటే బతికేవాడా? అప్పటికే కండరం చాలావరకు దెబ్బతిందని ఆస్పత్రి చెబుతుంది. లోపానికీ నష్టానికీ మధ్య లంకె కాగితాల్లో కనపడకపోతే, ఎంత కోపం వచ్చే లోపమైనా పరిహారంగా మారదు. కేసు వేయాలా అన్న ప్రశ్న నిజానికి ఈ లంకె గురించే. "డాక్టర్ సరిగ్గా మాట్లాడలేదు", "ఐసీయూలోకి రానివ్వలేదు", "బిల్లు బాగా వేశారు" అన్నవి మనసును కోసే మాటలే, కొన్ని విడిగా సేవాలోపం కిందికీ రావచ్చు. చావుకు కారణం ఏమిటన్నది మాత్రం అవి చెప్పవు.

లంకె ఎలా కనపడుతుందో చూడాలంటే హైదరాబాద్‌లోని ఒక ఆస్పత్రి కేసు మంచి ఉదాహరణ. 2002లో చలిజ్వరంతో చేరిన మహిళకు టైఫాయిడ్ మందులు వాడారు. తగ్గలేదు, పరిస్థితి విషమించింది. మరో ఆస్పత్రికి మార్చాక రక్త పరీక్షలో మలేరియా అని తేలింది, కానీ అప్పటికే చేయి దాటిపోయింది. ఆమె భర్త మలేరియా శాఖలోనే ఉద్యోగి. జిల్లా వినియోగదారుల ఫోరం (ఇప్పటి జిల్లా కమిషన్) రెండు లక్షల పరిహారం ఇచ్చింది. నిపుణుడైన డాక్టర్ చేత సాక్ష్యం చెప్పించలేదు కాబట్టి చెల్లదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ దాన్నే సమర్థించింది. 2010లో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పును తిరిగి నిలబెట్టింది. రికార్డులే కథ చెబుతున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని చెప్పింది. కిషన్‌రావు తీర్పుగా లాయర్లు ఇప్పటికీ ఉటంకించేది దీన్నే. అక్కడ గెలిపించింది రెండో ఆస్పత్రి ల్యాబ్ రిపోర్టు.

భోపాల్ డెంగీ కేసు కూడా అలాంటిదే. 2009లో ఒక మహిళ ఉదయం చేరి, అదే రాత్రి చనిపోయింది. డెంగీ అని తెలిసి కూడా ఉదయం చేసిన రక్త పరీక్షను సాయంత్రం దాకా మళ్లీ చేయలేదు. ప్లేట్‌లెట్లు, రక్తం చిక్కదనం చెప్పే హెమటోక్రిట్ గంటగంటకూ మారే జబ్బులో అన్ని గంటల ఖాళీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు పక్కన పెట్టుకుని చూస్తే ఆ ఖాళీ ఇంకా పెద్దగా కనిపించింది. 2019లో సుప్రీంకోర్టు ఆస్పత్రిని బాధ్యురాలిని చేసి 15 లక్షలు ఇప్పించింది. ఈ కేసులో చూపించాల్సింది డాక్టర్ ఏం చేశాడని కాదు, ఏ గంటల్లో ఏమీ చేయలేదని.

కేస్ షీట్‌లో ఏం చూడాలి

డిశ్చార్జ్ సమ్మరీ వేరు, కేస్ షీట్ వేరు. ఈ తేడా తెలియక చాలామంది మోసపోతారు. సమ్మరీ అన్నది అంతా అయిపోయాక కూర్చుని రాసిన కథ. తీరుబడిగా, పొందికగా ఉంటుంది. కేస్ షీట్ జరుగుతున్నప్పుడు రాసింది. గజిబిజి చేతిరాత, నర్సుల సంతకాలు, వేళలు, కొట్టివేతలు అన్నీ ఉంటాయి. నిజం ఉంటే అందులోనే ఉంటుంది.

దాన్ని చదివేవాళ్లు ముందు చూసేది డాక్టర్ నోట్స్ కాదు, నర్సింగ్ చార్టు. గంటకోసారి రాసే పల్స్, బీపీ, టెంపరేచర్, ఆక్సిజన్. ఎన్ని సెలైన్ సీసాలు ఎక్కాయి, మూత్రం ఎంత వచ్చింది. తర్వాత మందుల షీట్: డాక్టర్ రాసిన మందు, నర్సు ఇచ్చిన మందు, ఇచ్చిన వేళ. వీటి పక్కన ల్యాబ్ రిపోర్టులు పెట్టాలి. రక్తం తీసిన టైము, రిపోర్టు వచ్చిన టైము, డాక్టర్ దాన్ని చూసినట్టు నోట్ రాసిన టైము. పొటాషియం ప్రమాదకరంగా పెరిగిందని ల్యాబ్ మధ్యాహ్నం రిపోర్టు ఇస్తే, దాని గురించి డాక్టర్ నోట్ మర్నాడు ఉదయం ఉంటే, మధ్యలో రాత్రి మొత్తం ప్రశ్నే. రాత్రి పన్నెండు నుంచి ఆరు దాకా ఉన్న ఆరు ఎంట్రీలూ ఒకే సిరాతో, ఒకే వాలుతో, బీపీ అన్నింటిలోనూ 120/80 అని ఉంటే, అది కూడా ఒక సమాచారమే. ఐసీయూలో పోతున్న మనిషికి బీపీ అంత బుద్ధిగా ఉండదు.

ఇవన్నీ చూసి సొంతంగా తేల్చుకోవడం మామూలు మనుషుల వల్ల కాదు. అదే విభాగం డాక్టర్, అది కూడా ఆ ఊరివాడు కాని డాక్టర్ చదవాలి. ఒక ఊళ్లో డాక్టర్లంతా ఒకే ఐఎంఏ (డాక్టర్ల సంఘం) మీటింగ్‌లో కూర్చునేవాళ్లు, ఒకరికొకరు పేషెంట్లను పంపుకునేవాళ్లు. కాగితం మీద సంతకం పెట్టి సాక్ష్యం చెప్పడానికి చాలామంది ముందుకు రారు. కానీ ఫీజు తీసుకుని, ఫైల్ చదివి, ఉన్నమాట నోటితో చెప్పేవాళ్లు దొరుకుతారు. కేసు వేయాలా వద్దా అన్న నిర్ణయానికి ఆ నోటిమాట చాలు. అవసరమైతే కమిషనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ డాక్టర్ల బోర్డు అభిప్రాయం అడుగుతుంది.

ఫైల్లో మరో రెండు కాగితాలు వెతకాలి. ఒకటి లామా కాగితం. డాక్టర్ వద్దన్నా మా ఇష్టంతో తీసుకెళ్తున్నాం అని బంధువుల చేత రాయించుకునేది. "ఇక్కడ లాభం లేదు, పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి" అని ఆస్పత్రే చెప్పి, ఈ కాగితం మీద సంతకం పెట్టించుకోవడం తెలియని విషయం కాదు. కేసులో ఇది బంధువుల మీదికే తిరుగుతుంది. అలా పంపిస్తున్నప్పుడు రిఫరల్ లెటర్ అడగాలి, ఏ పరిస్థితిలో పంపుతున్నారో అందులో రాయమనాలి.

రెండోది కన్సెంట్ ఫారం. దీని మీద సంతకం పెట్టేశాం కాబట్టి ఇక ఏమీ చేయలేం అనుకోవడం పొరపాటు. ఆపరేషన్‌కు ఒప్పుకోవడమంటే నిర్లక్ష్యానికి ఒప్పుకోవడం కాదు. పైగా దేనికి ఒప్పుకున్నారో అంతవరకే ఆ సంతకం. ఢిల్లీలో పరీక్ష కోసం లాప్రోస్కోపీకి (కడుపులోకి చిన్న కెమెరా పంపి చూడటానికి) ఒప్పుకున్న మహిళకు, ఆమె మత్తులో ఉండగా తల్లి సంతకంతో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. స్పృహ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాల్సింది, ప్రాణం మీదికి వచ్చిన అత్యవసరమేమీ లేదని చెప్పింది. పరిహారం 25 వేలు, డాక్టర్‌కు ఆ ఆపరేషన్ ఫీజు కూడా దక్కలేదు. గర్భసంచి ఆపరేషన్లు ఎడాపెడా జరిగే మన జిల్లాల్లో ఈ తీర్పు ఇంకాస్త ఎక్కువమందికి తెలియాల్సింది.

ఏ తలుపు తట్టాలి

కుటుంబానికి ఏం కావాలన్న దాన్ని బట్టి దారి మారుతుంది. చాలామంది కోపంలో అన్ని తలుపులూ ఒకేసారి తడతారు. మొదట అందరికీ గుర్తొచ్చేది పోలీస్ స్టేషన్. అది అన్నిటికంటే ఇరుకైన తలుపు. 1995లో లూథియానా ఆస్పత్రిలో ఊపిరాడని ముసలాయనకు సిలిండర్ తెచ్చి పెడితే, అది ఖాళీది. కొడుకే పరిగెత్తి పక్క గది నుంచి ఇంకొకటి తెచ్చాడు. దాన్ని బిగించే ఏర్పాటు లేక ఐదు నుంచి ఏడు నిమిషాలు పోయాయి, ఆయన చనిపోయాడు. దీన్ని వింటే ఎవరికైనా ఇంతకంటే నేరం ఏముంటుందనిపిస్తుంది. 2005లో సుప్రీంకోర్టు డాక్టర్ల మీద క్రిమినల్ కేసు కొట్టేసింది. సిలిండర్ లేకపోవడానికి ఆస్పత్రి సివిల్‌గా బాధ్యత వహించాల్సి రావచ్చు, కానీ క్రిమినల్ శిక్షకు నిర్లక్ష్యం ఘోరమైన స్థాయిలో ఉండాలని చెప్పింది. ఇదే జాకబ్ మాథ్యూ తీర్పు. డాక్టర్ మీద ముందుకెళ్లే ముందు పోలీసులు స్వతంత్రుడైన, వీలైతే ప్రభుత్వ డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలన్న నియమం కూడా ఇందులోదే. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల దాకా శిక్ష ఉన్నా, వైద్యం చేస్తూ జరిగితే రిజిస్టర్డ్ డాక్టర్‌కు గరిష్ఠం రెండేళ్లే. ఎఫ్‌ఐఆర్ వల్ల పంచనామా, పోస్టుమార్టం, రికార్డుల స్వాధీనం జరుగుతాయి. ఆ మేరకు ఉపయోగమే. డాక్టర్ జైలుకెళ్తాడన్న ఆశతో మాత్రం అక్కడికి వెళ్లకూడదు.

లైసెన్సు సంగతి తేల్చేది రాష్ట్ర మెడికల్ కౌన్సిల్. తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు వేర్వేరుగా ఉన్నాయి. హెచ్చరించవచ్చు, రిజిస్టర్ నుంచి కొంతకాలం పేరు తీసేయవచ్చు, పరిహారం ఇప్పించలేదు. డాక్టర్ల మీద డాక్టర్లే తీర్పు చెప్పే చోటు కాబట్టి అనుమానం సహజం. అయినా డబ్బు అక్కర్లేదు, ఈ మనిషి ఇంకొకరికి ఇలా చేయకూడదు అనుకునేవాళ్లకు అదే సరైన చోటు. అసలు డిగ్రీయే లేనివాడు స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడిచి ప్రాణం మీదికి తెస్తే సంగతి వేరు. తను చదవని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని, హోమియోపతి చదివి అల్లోపతి మందులిచ్చిన ఒకరి కేసులో సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది.

పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్, జనం నోట్లో కన్జ్యూమర్ కోర్టు. 1995 నాటి శాంతా తీర్పుతో డబ్బు తీసుకుని చేసే వైద్యం ఈ చట్టం కిందికి వచ్చింది. 2019లో కొత్త చట్టం వచ్చినప్పుడు 'సేవ' నిర్వచనంలో వైద్యం పేరు కనపడకపోవడంతో కొంత గందరగోళం రేగింది. పేరు లేకపోయినా వైద్యం అందులో ఉన్నట్టేనని బాంబే హైకోర్టు చెప్పింది, దాని మీద వెళ్లిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2022లో కొట్టేసింది. బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీయో, ఉద్యోగమిచ్చిన సంస్థో కట్టినా అది ఉచిత వైద్యం కాదు. ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటు ఆస్పత్రిలో చేరినవాళ్ల వాదన కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆస్పత్రి మాత్రం ఈ చట్టంలోకి రాదు. అక్కడ దారి సివిల్ కోర్టు, లేదంటే హైకోర్టులో రిట్. ఔరంగాబాద్ ప్రభుత్వాస్పత్రిలో 1963లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, కడుపులో టవల్ మర్చిపోయారు. రెండు వారాల్లో ఆమె చనిపోయింది. లోపల టవల్ ఉందంటే తప్పు జరిగినట్టేనని, వేరే రుజువు అక్కర్లేదని, ప్రభుత్వమే బాధ్యురాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1996 వచ్చింది. పరిహారం 36 వేలు.

ఖర్చు, కాలం

కమిషన్‌లో ఫిర్యాదు ఖర్చు జనం అనుకునేంత కాదు. ఫీజును అడిగే పరిహారం మీద కాకుండా కట్టిన బిల్లు మీద లెక్కిస్తారు. బిల్లు 5 లక్షల లోపు ఉంటే ఫీజే లేదు. 50 లక్షల దాకా బిల్లు ఉంటే జిల్లా కమిషన్‌కే వెళ్లాలి, గరిష్ఠ ఫీజు వెయ్యి రూపాయలు. హైదరాబాద్‌లో వైద్యం జరిగినా ఫిర్యాదుదారు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో తిరగక్కర్లేదు. ఆన్‌లైన్‌లో దాఖలు చేసే సౌకర్యం ఉంది, అడిగితే వీడియో ద్వారా వాదనలు వినే వీలు కూడా చట్టంలో ఉంది. అమెరికాలో ఉండి ఇక్కడ తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలకు ఇది పనికొచ్చే విషయం. వాళ్లు తరచూ పొరబడే సంగతి ఇంకొకటి ఉంది. అక్కడిలా గెలిస్తే వాటా తీసుకునే లాయర్ ఇక్కడ ఉండడు, బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. ముప్పై శాతం ఇస్తే అంతా నేనే చూసుకుంటానని ఎవరైనా వస్తే, ఆ మనిషి పాటిస్తున్నది లాయర్ల నియమాలు కావు.

అసలు ఖర్చు కాలం. చట్టం చెప్పేది మూడు నుంచి ఐదు నెలలు. జరిగేది చాలాసార్లు ఏళ్లు, పైన అప్పీళ్లు. 1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ఛాతీలో గడ్డకు ఆపరేషన్ చేయించుకున్న ఇరవై ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థి నడుము నుంచి కిందికి చచ్చుబడిపోయాడు. గడ్డ వెన్నెముకను ఆనుకుని ఉన్నా న్యూరోసర్జన్‌ను కలుపుకోలేదని, పరీక్ష కోసం చిన్న ముక్క తీసే బయాప్సీకి ఒప్పుకుంటే గడ్డ మొత్తం తీసేశారని ఫిర్యాదు. 1993లో జాతీయ కమిషన్‌కు వెళ్లాడు. 1999లో పదిహేనున్నర లక్షలు వచ్చాయి. సుప్రీంకోర్టులో తన కేసు తానే, చక్రాల కుర్చీలో కూర్చుని వాదించుకున్నాడు. 2009లో కోటి రూపాయలు, వడ్డీ. ఆపరేషన్ నుంచి తీర్పు దాకా పంతొమ్మిదేళ్లు. కోల్‌కతాలో భార్యను పోగొట్టుకున్న ఒకాయన కేసులో 2013లో వచ్చిన దాదాపు ఆరు కోట్ల పరిహారం గురించి పేపర్లలో చదివి ఆశపడేవాళ్లు, ఆ భర్త కూడా డాక్టరేనని, పదిహేనేళ్లు పోరాడాడని కూడా చదవాలి.

పరిహారం లెక్క కూడా దుఃఖాన్ని బట్టి ఉండదు. పోయిన మనిషి వయసు, సంపాదన, ఆధారపడినవాళ్లు, బతికుంటే ముందు ముందు అయ్యే వైద్యం ఖర్చు. డెబ్బై ఎనిమిదేళ్ల తండ్రి విషయంలో తప్పు ఎంత స్పష్టంగా ఉన్నా వచ్చేది తక్కువే ఉండొచ్చు. నడవలేని స్థితిలో మిగిలిన పాతికేళ్ల యువకుడి తరఫున, లేదా పుట్టుకలో దెబ్బతిన్న బిడ్డ తరఫున కేసు వేయడమే న్యాయం. ఆ ఖర్చు జీవితాంతం ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు భరించక తప్పదు. ఈ తేడా చెప్పడానికి లాయర్లు మొహమాటపడతారు, కానీ నిర్ణయంలో సగం ఇదే.

గడువు రెండేళ్లు. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ, దాన్ని నమ్ముకోవడం ప్రమాదం. ముంబయిలో ఒక నర్సుకు 1993లో ఆపరేషన్ అయింది. నొప్పి వదల్లేదు. మాత్రలు మింగుతూ తొమ్మిదేళ్లు గడిపింది. 2002లో స్కాన్‌లో కడుపులో గాజుగుడ్డ బయటపడింది, తీశారు. 2004లో ఫిర్యాదు చేస్తే గడువు దాటిందని సుప్రీంకోర్టు 2010లో తేల్చింది. తెలిసినప్పటి నుంచి లెక్క అన్న సూత్రం ఉన్నా, అంత నొప్పి ఉన్న, అందులోనూ వైద్యరంగంలో పనిచేసే మనిషి ముందే కనుక్కుని ఉండాల్సిందని కోర్టు అంది. గాజుగుడ్డ ఉన్నది నిజం. ఆమె కేసు పోయిందీ నిజం.

రెండేళ్లలో మొదటి కొన్ని నెలలు దుఃఖానికే పోతాయి. అది ఎవరూ తప్పుపట్టలేనిది. అందుకే ఈ పనిని రెండుగా విడదీసుకోవడం మేలు. రికార్డులు తెచ్చుకోవడం వేరు, కేసు వేయడం వేరు. రెండోదానికి తొందర లేదు. మొదటిదానికి ఉంది, ఎందుకంటే వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్ల దాకే రికార్డులు ఉంచాలన్నది మెడికల్ కౌన్సిల్ 2002 నియమం. రోజులు గడిచేకొద్దీ పేజీలు తగ్గుతాయో, పెరుగుతాయో కూడా చెప్పలేం. అదే నియమం ప్రకారం పేషెంట్ గానీ, ఆయన తరఫువాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.

చాలా ఇళ్లలో అడగాల్సింది నిజానికి పరిహారం కాదు. ఆ నాలుగు గంటల్లో ఏం జరిగిందన్నది. కేస్ షీట్ చదివిన బయటి డాక్టర్ "ఎవరున్నా ఇంతే చేసేవాళ్లమ్మా, ఆ వయసులో ఆ ఇన్ఫెక్షన్ ఆగదు" అంటే, ఆ ఒక్క మాటతో నిద్రపట్టే తల్లులుంటారు. "ఇక్కడ తప్పు జరిగింది, కానీ చావుకు ఇది కారణమని చెప్పలేను" అంటే మెడికల్ కౌన్సిల్ ఉంది. "ఇది చూసుంటే బతికేవాడు" అంటే లాయర్ దగ్గరికి వెళ్లాలి. మూడింటికీ దరఖాస్తు ఒకటే.

తెల్ల కాగితం మీద మెడికల్ సూపరింటెండెంట్ పేరిట రాస్తే చాలు. పేషెంట్ పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ. కావాల్సింది సమ్మరీ కాదు, పూర్తి కేస్ షీట్ అని స్పష్టంగా రాయాలి. డాక్టర్ నోట్స్, నర్సింగ్ చార్టులు, మందుల షీట్లు, ఆపరేషన్ నోట్స్, అనస్థీషియా చార్టు, కన్సెంట్ ఫారాలు, ల్యాబ్ రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు లేదా సీడీ. ప్రతి పేజీకీ నంబరు, ఆస్పత్రి ముద్ర ఉండాలి. జిరాక్స్ ఖర్చు కడతామని ఒక వాక్యం. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద తేదీతో సహా ముద్ర వేయించుకోవాలి. వేయకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోవాలి. దేనికని కౌంటర్లో అడుగుతారు. ఇంకో డాక్టర్‌కు చూపించడానికి అంటే సరిపోతుంది.